నాలుగు హద్దుల్లేని ఫ్లాటు

శంషాబాద్ చుట్టుపక్కల ముప్పై అయిదేళ్లలో చేతులు మారిన భూమిలో చాలా భాగం ఈశ్వరయ్య చేతుల మీదుగానే మారింది. కాకపోతే ఆ చేతుల్లో ఉన్నది పట్టా కాదు, గొలుసు. సర్వే ఆఫీసులో ఆయన చైన్‌మ్యాన్. సర్వేయరు చెట్టు నీడలో కూర్చుని కాగితం మీద గీత గీస్తే, ఆ గీత పొలంలో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎండలో నడిచి, ముళ్లలో దూరి, గొలుసు కొస పట్టుకుని నిలబడి చూపించేవాడు. మహేశ్వరంలో అన్నదమ్ముల పంపకాలు, జల్‌పల్లిలో ప్లాట్ల తగాదాలు, చివరికి విమానాశ్రయం కిందికి పోయిన జొన్నచేలు, అన్నీ కొలిచాడు. తనకంటూ ఒక్క గజం లేదు. ఇలాంటి సంగతి చెప్పగానే కళ్లు తుడుచుకోవడం మనవాళ్లకు సరదా గానీ, ఈశ్వరయ్యకు ఆ బాధ లేదు. మిఠాయి కొట్టులో పనిచేసేవాడికి జిలేబీ మీద మోజు పోయినట్టు ఆయనకు భూమి మీద మోజు ఎప్పుడో పోయింది.

మోజు పోనిది ఆయన భార్య అమృతమ్మకు. ఆవిడ అడిగేది భూమి కాదు, గోడ. పెళ్లయ్యాక పదకొండు కిరాయి ఇళ్లు మారింది. పదకొండుమంది ఓనర్లూ ఒకే మాట అన్నారు: గోడకు మేకు కొట్టొద్దు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో క్యాలెండర్ కిటికీ ఊచకే వేలాడింది. 2012 వేసవిలో ఈశ్వరయ్య రిటైరైనప్పుడు ఆఫీసువాళ్లు ఒక శాలువా, ఒక దండ, ఇంత పెద్ద గోడగడియారం ఇచ్చారు. గడియారాన్ని తెచ్చి ఆవిడ ఫ్రిజ్ మీద వెల్లకిలా పడుకోబెట్టింది.

"టైం చూడాలంటే స్టూలెక్కి తొంగి చూడాల్నా?" అన్నాడు ఈశ్వరయ్య.

"చూడు. మేకు కొట్టే గోడ దొరికేదాంక అట్లనే చూడు."

అది మాట కాదు, తాఖీదు.

చేతికొచ్చిన రిటైర్‌మెంటు డబ్బుతో విమానాశ్రయం వచ్చిన ఊళ్లో ఫ్లాటు కొనబోతే బ్రోకర్లు మర్యాదగా టీ ఇచ్చి పంపేశారు. ఆ రోజుల్లోనే పాత దోస్తు ముష్తాక్ కనబడ్డాడు. ఒక ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేసి మానుకున్నవాడు. తన ఫ్లాటు వదిలి, జల్‌పల్లిలో ఉన్న కూతురు నబీలా ఇంటి పక్కకు మారాలనుకుంటున్నాడు. చెప్పిన ధర వింటే ఈశ్వరయ్యకు అనుమానమొచ్చింది.

"గింత అగ్గువకెందుకిస్తున్నవ్ భాయ్? లోపల దయ్యాలు గిట్ల ఉన్నయా?"

"దయ్యాలు లేవు," అన్నాడు ముష్తాక్. "సెక్రెటరీ ఉన్నడు."

అసలు సంగతి ఇదీ. హైదరాబాద్‌లో గృహ సహకార సంఘాలంటే మామూలుగా భూమి కొని, ప్లాట్లు కోసి, సభ్యులకు రిజిస్టరు చేసి చేతులు దులుపుకుంటాయి. ముష్తాక్ వాళ్ల కర్మాగారం ఉద్యోగులు మాత్రం 1988లో ఎవరి సలహా విన్నారో గానీ వేరే దారి పట్టారు. భూమి సొసైటీది. మూడంతస్తుల బిల్డింగూ సొసైటీదే. అందులోని ఇరవై నాలుగు ఫ్లాట్లలో ఏ ఫ్లాటూ ఏ ఒక్కరిదీ కాదు. ఒక్కో కుటుంబానికి సొసైటీలో ఒక షేరు ఉంటుంది. ఆ షేరు ఉన్నంతకాలం ఫలానా నంబరు ఫ్లాటులో ఉండొచ్చు. అమ్ముకోవాలంటే ఫ్లాటు కాదు, షేరు అమ్ముకోవాలి. కొనేవాడిని జనరల్ బాడీ చూసి, ప్రశ్నలడిగి, చేతులెత్తి ఒప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ లేదు. బ్యాంకువాళ్లు లోన్ ఇవ్వరు. అందుకే అగ్గువ.

ముష్తాక్ భార్య సుఘ్రా బీరువాలోంచి షేరు పత్రం తీసి ఈశ్వరయ్య చేతిలో పెట్టింది. పెళ్లిపత్రికలా పూల అంచు. ఈశ్వరయ్య అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఏంది వదినా, హద్దులేవి?"

"హద్దులా?"

"తూర్పు ఫలానా, పడమర ఫలానా. నాలుగు హద్దులు రాయని కాగితం కాగితమెట్లయితది?"

"అందర్దీ అయినంక హద్దులెందుకు భాయ్‌సాబ్?" అంది సుఘ్రా.

ఇంటికొచ్చే దారంతా ఈశ్వరయ్య గొణుగుతూనే ఉన్నాడు. జీవితమంతా హద్దులు చూపించి బతికిన మనిషి, హద్దుల్లేని దాన్ని కొనడమా? అమృతమ్మ ఒక్కటే అడిగింది.

"గోడలున్నయా?"

"ఉన్నయి."

"మేకు కొట్టనిస్తరా?"

"కొట్టనిస్తరంట."

"ఇగ నీ హద్దులు నువ్వే పెట్టుకో."

సొసైటీ సెక్రెటరీ జగదీశ్ ఏలూరు నుంచి వచ్చి ఇదే కర్మాగారంలో అధికారిగా రిటైరైనవాడు. ఇస్త్రీ నలగని మనిషి. ఈశ్వరయ్యను కూర్చోబెట్టి సహకార స్ఫూర్తి గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. నేను అనే మాటను మనం చేసుకోవడమే సహకారమన్నాడు. ఇలాంటి ఉపన్యాసాలిచ్చేవాళ్ల కారు ఎప్పుడూ నీడలోనే ఉంటుంది. జగదీశ్ కారు కూడా అక్కడున్న ఒక్క వేపచెట్టు కిందే ఉంది. కోశాధికారి అనుపమ, కొత్తూరు బడిలో లెక్కల టీచరు, ఆ ఇరవై నిమిషాల్లో పదో తరగతి పరీక్ష పేపర్లు ఆరు దిద్దుకుంది.

"మీరు సర్వే శాఖ అని ముష్తాక్ చెప్పాడండీ," అన్నాడు జగదీశ్ చివరికి. "మాకో సమస్య ఉంది. పక్కన చంద్రమ్మ అని ఒక ఆవిడ."

చంద్రమ్మను ఈశ్వరయ్య ఎరుగు. సొసైటీకి ఉత్తరాన, ఉన్న పొలం అమ్ముకోగా మిగిలిన పన్నెండు గుంటల్లో అయిదు బర్రెలతో కాపురం చేసే మనిషి. ఆవిడ పాలు పోసేది సొసైటీకే. తగాదా పెట్టుకునేదీ సొసైటీతోనే. నా పన్నెండు గుంటల్లో అరగుంట మీ గోడ మింగిందని ఇరవై నాలుగేళ్లుగా అంటూనే ఉంది. ఇద్దరు ముగ్గురు సర్వేయర్లు వచ్చి, మూలనున్న హద్దురాయి నుంచి కొలిచి, అంతా సరిగ్గానే ఉందని చెప్పి పోయారు. సొసైటీ మినిట్స్ పుస్తకంలో ప్రతి సంవత్సరం "వివాదాస్పద మహిళ అంశం" అని ఒక పేరా ఉంటుంది.

"ఒక్కసారి మీరు ఆవిడ కళ్లెదుట కొలిచి నోరు మూయించండి. అదే రోజు జనరల్ బాడీ పెట్టి మీ షేరు బదిలీ ఆమోదిస్తాం."

ఈశ్వరయ్య ముఖం వెలిగిపోయింది. "గంతేనా సార్? ఎనభై ఎనిమిదిల మీ జాగ కొలిచినప్పుడు గొలుసు పట్టింది నేనే! కండ్లు మూసుకొని చెప్త."

"ఇంకేం మరి," అన్నాడు జగదీశ్.

ఆదివారం పొద్దున ఈశ్వరయ్య గొలుసు భుజాన వేసుకుని బయల్దేరాడు. టేపులూ మిషన్లూ వచ్చాక ఆఫీసులో పారేసిన పాత ఇనప గొలుసది. ఇరవై రెండు గజాలు, వంద లింకులు. అప్పటిదాకా అమృతమ్మ దాని మీద బట్టలారేసేది. ఆ రోజు ఆవిడా వెంట వచ్చింది. కొలతల మీద ఆసక్తితో కాదు; సుఘ్రాను అడిగి వంటింట్లో పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి.

చంద్రమ్మ చెంగుకు కట్టుకున్న ప్లాస్టిక్ సంచిలోంచి తన భూమి టీపన్, అంటే సర్వే కొలతల పటం నకలు, తీసిచ్చింది. చేతుల్లో నలిగి నలిగి పాత రూపాయి నోటులా అయిపోయింది. దాని ప్రకారం, మూడు ఊళ్ల శివార్లు కలిసేచోట పాతిన రాయి నుంచి తిన్నగా దక్షిణానికి ఏడు గొలుసుల పద్దెనిమిది లింకులు నడిస్తే ఆవిడ భూమి చివరి మూల రావాలి. ఇన్నాళ్లూ వచ్చిన సర్వేయర్లకు ఆ మూడూళ్ల రాయి దొరకలేదు. ఈశ్వరయ్యకు మాత్రం అదెక్కడుందో తెలుసు. పంక్చర్ దుకాణం మొయిజ్ దాని మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంటాడు.

"మొయిజ్, జర లే. నువ్వు కూసున్నది మూడూళ్ల హద్దు."

"పదేండ్ల సంది కూసుంటున్న చిచ్చా. ఏ ఊరోళ్లూ కిరాయి అడగలే."

సందు తిన్నగా ఉంది. ఈశ్వరయ్య ముందు, మొయిజ్ వెనక, చంద్రమ్మ పక్కన. ఒక గొలుసు, రెండు, మూడు. చంద్రమ్మ తడక దాటి, బర్రెల మధ్య నుంచి అయిదు, ఆరు. ఏడు గొలుసుల నాలుగు లింకుల దగ్గర సొసైటీ గోడ అడ్డం తగిలింది. గోడ మూలను ఆనుకుని హద్దురాయి ఉంది. ఈశ్వరయ్య టీపన్ మళ్లీ చూశాడు. ఇంకా పద్నాలుగు లింకులు మిగిలాయి. పద్నాలుగు లింకులంటే మూడు గజాలు.

"చూసినవా?" అంది చంద్రమ్మ.

"ఆగక్కా, ఇంక అయిపోలే." గొలుసు కొసను గోడ మీదుగా అవతలికి విసిరాడు. అక్కడ జగదీశ్, అనుపమ, మరో పదిహేనుమంది సభ్యులు టీ గ్లాసులతో నిలబడి ఉన్నారు. ముష్తాక్ కొస అందుకున్నాడు. చంద్రమ్మ కుడితి తొట్టి బోర్లించి దాని మీదెక్కి గోడ మీంచి తల పెట్టింది. ఈశ్వరయ్య మాత్రం చుట్టూ తిరిగి, విమానాశ్రయం ట్యాక్సీలు దూసుకుపోయే మెయిన్ రోడ్డు మీదుగా గేటులోకి రావాల్సి వచ్చింది. రోజూ పాలక్యాను పట్టుకుని చంద్రమ్మ వచ్చే దారి అదే.

వచ్చి, గొలుసు తిన్నగా లాగించి, లింకులు లెక్కపెట్టాడు. పద్నాలుగో లింకు ముష్తాక్ ఏటా బక్రీద్ మేకను కట్టేసే రాయి మీద ఆగింది. ఈశ్వరయ్య వంగి దాని నెత్తిన మట్టి గోకాడు. పాత సర్వే హద్దురాళ్ల మీద చెక్కే ప్లస్ గుర్తు.

అప్పుడు గుర్తొచ్చాయి కందిరీగలు.

ఎనభై ఎనిమిది మే నెల. ఇక్కడ ఒక సీతాఫలం పొద, పొద కింద ఈ రాయి, పొద నిండా కందిరీగల తుట్టె. ముప్పై నాలుగేళ్ల ఈశ్వరయ్య ఉత్తరం వైపు నుంచి గొలుసు పట్టుకుని వచ్చి, ఝుంకారం విని, మూడు గజాల ఇవతలే ఆగిపోయాడు. దూరంగా నీడలో గోలీసోడా తాగుతున్న సర్వేయరు అరిచాడు, "రాయి కాడికి పోయినవా?" ఈశ్వరయ్య కూడా అరిచాడు, "పోయిన సార్!" ఆయన నిలబడిన చోటే కొత్త హద్దురాయి పాతారు. దాని మీదే సొసైటీ గోడ మూల లేచింది. మూల మూడు గజాలు జరిగితే, ఆ నలభై గజాల గోడ పొడవునా కోసుగా, త్రిభుజంలా అరగుంట పోయింది. చంద్రమ్మ లెక్క అక్షరాలా నిజం.

"ఏమండీ," అన్నాడు జగదీశ్. "సరిపోయిందా?"

ఈశ్వరయ్య తలెత్తాడు. గోడ మీద చంద్రమ్మ తల. పై అంతస్తు బాల్కనీలో అమృతమ్మ. సుఘ్రాతో మాట్లాడుతూ గోడ మీద అరచేత్తో తడుతోంది, మేకు దిగుతుందా లేదా అని. సరిపోయింది సార్ అంటే చాలు. అడిగేవాడు లేడు. అక్కడున్న ఇరవైమందిలో ఆ ప్లస్ గుర్తుకు అర్థం తెలిసినవాడు ఒక్కడే.

తర్వాత ఆయన చెప్పినదానికి నిజాయితీ అని పేరు పెట్టి దండ వేయనక్కర్లేదు. ఆయన్నే అడిగితే, తప్పు కొలత నోట్లోంచి రెండోసారి రాలేదు, అంతే అంటాడు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ షేరు కొంటే, ఆ తప్పులో ఇరవై నాలుగో వంతు తనదవుతుంది. తను చేసిన తప్పునే తను డబ్బిచ్చి కొనుక్కోవాలి. అది మరీ తలతిక్క బేరమనిపించింది.

"సరిపోలే సార్. చంద్రమ్మక్క చెప్పిందే నిజం. గప్పుడు నేను రాయి కాడికి పోలే."

"పోకపోవడమేంటండీ?"

"కందిరీగలుండె సార్."

అందరూ ఒకేసారి మాట్లాడారు. గోడ మీద నుంచి చంద్రమ్మ గొంతు అన్నిటికంటే పైన వినబడింది: "చెప్పిన్నా! ఇరవై నాలుగేండ్లు చెప్పిన్నా!" ముష్తాక్ నుదురు కొట్టుకున్నాడు. "అరె ఈశ్వరయ్యా, జర నోరు బంద్ పెట్టుకుంటే నీదేం పోయేది? నా సామాన్లు సగం జల్‌పల్లికి పోయినయి!" జగదీశ్ మెడ ఎర్రబడింది. సహకార స్ఫూర్తి ఎటు పోయిందో గానీ, మనం అనే మాట మాత్రం ఆ గోలలో ఎవరూ అనలేదు.

అనుపమ మాత్రం గోడ మూలకేసి చూస్తోంది. లెక్కల టీచరు కదా, చూపుతోనే కోసు గీసేసింది.

"సార్," అంది నెమ్మదిగా. "మన బోరు ఏడున్నది?"

అందరూ అటు తిరిగారు. ఇరవై నాలుగు కుటుంబాలకు ఎండాకాలంలో కూడా నీళ్లిచ్చే ఒకే ఒక్క బోరు, సరిగ్గా ఆ మూలలో, మేకరాయికీ గోడకీ మధ్య ఉంది.

చంద్రమ్మకు కూడా అర్థమైంది. "అంటే ఇన్నొద్దులు నా నీళ్లు తాగుకుంట నన్నే తిట్టిండ్రా?" అంది. అని, నవ్వాపుకోలేక తొట్టి మీంచి జారి, అవతల బర్రెల మధ్య దిగబడింది. నవ్వు మాత్రం గోడ ఇవతలికి వినబడుతూనే ఉంది.

జనరల్ బాడీ మెట్ల కింద కూర్చుంది. దరఖాస్తు పెట్టుకున్నవాడు లోపల ఉండకూడదు గనక ఈశ్వరయ్య చంద్రమ్మ కొట్టం దగ్గర తొట్టి అంచున కూర్చున్నాడు. అమృతమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"పన్నెండో కిరాయి ఇల్లు చూస్కో ఇగ."

"తప్పు నాదే కదనే."

"నీదే. గా కందిరీగలు గప్పుడే నిన్ను నాలుగు కుట్టి ఉంటే, గీ తిప్పలే ఉండకపోవు."

చంద్రమ్మ ఇద్దరికీ చెంబుతో మజ్జిగ ఇచ్చింది. "గా రోజు నువ్వు గిటుదిక్కు ఆగుడు నేను చూసిన తమ్మీ," అంది. "నేను గూడ గా పొద దిక్కు పోకపోతుంటి. మావోళ్ల పిల్లిని గూడ కుట్టినయి."

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"చెప్పిన. ఆడిదాని మాట ఎవలింటరు?"

అంతలో అనుపమ గోడ దగ్గరికి వచ్చింది. లోపల మీటింగులో, గోడ కూల్చాలా, కోర్టుకెళ్లాలా, కొత్త బోరు వెయ్యాలా అని జగదీశ్ మూడు తీర్మానాలు రాశాడట. అసలు చంద్రమ్మకేం కావాలో అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"అత్తా, చెప్పు. ఏం కావాల్నో?"

చంద్రమ్మ దగ్గర జవాబు ఎప్పటినుంచో తయారుగా ఉంది. "గోడ కూలగొడితే నాకేమొస్తది, దుమ్ము. గోడకు ఒక తలుపు పెట్టుండ్రి. పాలక్యాను పట్టుకొని గా టాక్సీల నడుమ ఎన్నొద్దులు ఉరకాలె? రెండు, బోరుకెళ్లి నా తొట్టికి ఒక పైపు. మూడు, జగదీశ్ సారు బుక్కుల నన్నేమో రాసిండంట కదా, అది కొట్టెయ్యాలె."

"రాసియ్యాల్నా?"

"రాసియ్యుండ్రి. జాగ నాదే, వాడుకునేది మీరు. గట్ల రాయుండ్రి. మల్ల గీ గొలుసాయన లోపల్నే ఉండాలె. రేపు మీరు మాట మారిస్తే నేనెవల్ని పట్టుకోవాలె?"

అనుపమ లోపలికి వెళ్లి ఏం చెప్పిందో తర్వాత ముష్తాక్ ఇంటింటికీ తిరిగి అభినయించి చూపించాడు. ఆవిడ నీతి ఊసే ఎత్తలేదట. "ఆయనను బయట పెడితే ముచ్చట శంషాబాద్ అంతా తెలుస్తది. లోపల పెడితే మనతోని పాటు గవే నీళ్లు తాగుతడు, ఒప్పందం నిలబడాలని మనకంటె ఎక్కువ ఆయనకే ఉంటది. లెక్క కరెక్టేనా?" అందట. పద్దెనిమిది చేతులు లేచాయి. ముష్తాక్ రెండు చేతులూ ఎత్తితే ఒకటే లెక్కపెట్టారు. జగదీశ్ చెయ్యి అందరికంటే ఆలస్యంగా లేచింది గానీ, లేచింది.

బయటికొచ్చి ఆ మాట చెప్పింది కూడా ఆయనే. "మీరు సభ్యులయ్యారండీ," అన్నాడు పెన్ను మూత తీసి, మళ్లీ పెడుతూ. "కాకపోతే మినిట్స్‌లో ఆ కందిరీగల సంగతి ఎలా రాయాలో అర్థం కావట్లేదు."

"అనివార్య కారణాల వల్ల అని రాయుండ్రి సార్. మా ఆఫీసుల అన్నిటికి గదే రాస్తం."

జగదీశ్ మొదటిసారి నవ్వాడు. అదే రాశాడు కూడా. ఆ పక్క పేజీలోనే "వివాదాస్పద మహిళ" మీద ఎర్రసిరాతో గీత కొట్టి, పైన "శ్రీమతి చంద్రమ్మ" అని రాసి, ఆవిడను పిలిచి చూపించాడు. చంద్రమ్మకు చదువు రాదు. గీత ఎంత పొడుగుందో వేలితో కొలిచి చూసుకుని సరేనంది.

దసరాకు ముందు ఈశ్వరయ్య వాళ్లు ఫ్లాటులో దిగారు. అప్పటికి గోడకు ఆకుపచ్చ రంగు ఇనప తలుపు వచ్చింది. తెల్లారుజామున చంద్రమ్మ దాన్ని చప్పుడు చేసి తీస్తే బిల్డింగంతా లేస్తుంది. మేకరాయిని తవ్వొద్దని తీర్మానం చేశారు. ఈశ్వరయ్య దానికి స్వయంగా సున్నం కొట్టాడు.

మొదటి రోజు సామాన్లు సర్దకుండానే ఆయన షేరు పత్రం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వెనక్కి తిప్పి, చెవి మీది పెన్సిల్ తీసి, ఆఫీసు దస్తూరీలో రాసుకుంటూ పైకి చదివాడు.

"తూర్పు, మెట్లు. దక్షిణం, జగదీశ్ సారు ఇల్లు. పడమర, విమానాలు దిగే దిక్కు. ఉత్తరం, చంద్రమ్మ తలుపు."

"మరి పైన?" అంది అమృతమ్మ, కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుంటూ. "కింద?"

ఈశ్వరయ్య పెన్సిల్ ఆగింది. ముప్పై అయిదేళ్లలో ఈ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. పొలానికి పైనా కిందా ఎవరడుగుతారు? ఆలోచించి, ఇంకో రెండు గీతలు గీశాడు. పైన, నీళ్ల ట్యాంకు. కింద, అనుపమ టీచర్ వంటిల్లు. నిజమే, అప్పుడే కిందనుంచి పోపు వాసన హద్దు దాటి వస్తోంది.

అమృతమ్మ కుర్చీ ఎక్కింది. ఒక చేతిలో సుత్తి, నోట్లో మేకు, కింద ఫ్రిజ్ మీద గడియారం సిద్ధంగా ఉంది. మేకు నోట్లోంచి తీసి గోడకు ఆనించి, మళ్లీ అనుమానంగా వెనక్కి చూసింది.

"గీ గోడ మనదేనా అసలు?"

"ఇరవై నాలుగో వంతు మనదే."

"మరి మిగిలిన ఇరవై మూడు వంతులోళ్లు?"

"వాళ్లకు ఇనబడేటట్టు కొట్టు," అన్నాడు ఈశ్వరయ్య.